‘తినొద్దు’ అని రాసిన సీసాలు

మాంట్రియల్. 1980ల తొలినాళ్లు. అయర్‌స్ట్ మందుల కంపెనీ ల్యాబ్ ఖాళీ అవుతోంది. బల్లల మీద ఫ్లాస్కుల బదులు అట్టపెట్టెలు. ఎటు చూసినా టేపు చుట్టలు. కంపెనీ మకాం అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కి మారుతోంది. చాలామందికి ఉద్యోగాలు పోయాయి. డబ్బులు రాలవనుకున్న మందులన్నీ అక్కడితో ఆపేయాలి, నిల్వలు పారేయాలి. ఆ జాబితాలో సురేన్ సెహగల్ పదేళ్ల కష్టం కూడా ఉంది.

బెనారస్‌లో చదివి కెనడాలో స్థిరపడ్డ ఈ సైంటిస్టు చెప్పిన పని చెయ్యలేదు. ఆఖరిసారి ఒక బ్యాచ్ పెంచి, చిన్న చిన్న సీసాల్లోకి ఎత్తి, మూతలు బిగించి, గుట్టుగా ఇంటికి పట్టుకెళ్లి, ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం పక్కనే దూర్చి, ఇంట్లోవాళ్లు ఎవరైనా పొరపాటున చెంచా పెడతారేమోనని పైన ‘తినొద్దు’ అని రాసి తలుపు మూసేశారు. ఇల్లు మారేటప్పుడు అవే సీసాలు డ్రై ఐస్ పొగల మధ్య సరిహద్దు దాటాయి. ఉద్యోగం ఊడే పని. అంత తెగింపు దేనికోసం?

గుప్పెడు మట్టిలో దొరికినదాని కోసం. 1964 డిసెంబర్. పసిఫిక్ మధ్యలో ఈస్టర్ దీవి. చిలీ తీరానికి 3,500 కిలోమీటర్ల పైమాటే. అక్కడ విమానాశ్రయం కట్టబోతున్నారు. బయటి రోగాలు దిగేలోపే దీవి జనాన్నీ నేలనీ పరీక్షించాలని కెనడా డాక్టర్లు నౌకాదళం ఓడలో వచ్చారు. వాళ్లలో జార్జ్ నోగ్రాడి అనే మైక్రోబయాలజిస్టుని ఒక సంగతి కుదురుగా ఉండనివ్వలేదు. ఊరి నిండా గుర్రాలు. జనమేమో వట్టి కాళ్లతో తిరుగుతారు. అయినా గుర్రాల పేడ కలిసిన మట్టి నుంచి సోకే ధనుర్వాతం రాదు. ఆయన దీవిని 67 ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క నుంచీ మట్టి తీశారు. ధనుర్వాతం క్రిమి ఒకే ఒక్క సీసాలో కనబడింది. కొన్నేళ్లకు ఆ మట్టి అయర్‌స్ట్‌కి చేరింది. అందులో ఇంకేదో బతుకుతోంది.

స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా. 1972లో సెహగల్ బృందం దాన్నుంచి ఒక పదార్థం విడదీసింది. ఈస్టర్ దీవిని అక్కడివాళ్లు రాపా నుయ్ అంటారు కాబట్టి రాపమైసిన్ అన్నారు. ముందు బూజును చంపే మందు అనుకున్నారు. తీరా చూస్తే ఒంట్లో రోగనిరోధక శక్తిని కూడా అణిచేస్తోంది. పక్కన పెట్టేశారు. సెహగల్ ఊరుకోకుండా అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకి పంపించారు. కణితులు ఎదగడం మానేశాయి. ఆనాటి క్యాన్సర్ మందులు కణాన్ని చంపేవి. ఇది చంపట్లేదు. ఆపుతోంది. ఎలాగో తేలకముందే ల్యాబ్ మూతపడింది.

1987లో అయర్‌స్ట్, వైయత్ కంపెనీలు కలిసిపోయాయి. కొత్త అధికారులొచ్చారు. సెహగల్ వాళ్ల వెంటపడ్డారు. ఒప్పించారు. ఫ్రీజర్ తలుపు తెరుచుకుంది.

1991. స్విట్జర్లాండ్‌లోని బాసెల్. ల్యాబంతా ఈస్ట్ పులిసిన వాసన. జోసెఫ్ హైట్‌మన్, మైకేల్ హాల్, రావు మొవ్వ ఈస్ట్ కణాలకి రాపమైసిన్ తగిలించారు. దాదాపు అన్నీ ఎదుగుదల ఆపేశాయి. కొన్ని మాత్రం మొండిగా పెరుగుతూనే ఉన్నాయి. మందు వీటినెందుకు ఆపలేకపోయింది? జన్యువులు గాలిస్తే రెండు దొరికాయి. టార్-1, టార్-2. 1994కల్లా క్షీరదాల కణాల్లోనూ వాటి జోడు బయటపడింది. పేరు ఎంటార్. మనందరి ఒంట్లోనూ ఉంది.

కణంలో ఎంటార్ ఓ మేస్త్రీ. ఇన్సులిన్ కబురొచ్చినా, అమైనో ఆమ్లాలు దండిగా చేరినా ‘సామాను వచ్చింది, గోడ లేపండి’ అని కేకేస్తుంది. ప్రోటీన్లు తయారవుతాయి. కణం పెరుగుతుంది, విడిపోతుంది. సామాను తగ్గితే కేకలూ తగ్గుతాయి. అప్పుడు కణం తనలోని పాత సరుకు ఊడదీసి తిరిగి వాడుకుంటుంది. పీటెన్ అనే ప్రోటీన్ ఈ మేస్త్రీ నోటికి అడ్డు. చాలా క్యాన్సర్లలో ఆ అడ్డు తొలగిపోయి ఉంటుంది. సరే, క్యాన్సర్ లేని ఒంట్లో వయసు మీదపడ్డాక కూడా ఈ కేకలు తగ్గకపోతే? మరమ్మతు వెనకబడుతుంది. చెత్త పేరుకుంటుంది. ముసలితనానికీ మూలం ఇక్కడే ఉందా?

జవాబు రాకముందే సెహగల్‌కి జబ్బు చేసింది. 1998. పెద్దపేగు క్యాన్సర్. అప్పటికే పాకిపోయింది. ఎంతో కాలం లేదన్నారు. ఆయన తన మందు తానే మింగడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది దానికి అమెరికాలో అనుమతి వచ్చింది, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల కోసం. క్యాన్సర్‌కి కాదు. డాక్టర్లు చెప్పిన గడువు దాటింది. ఇంకా బతికే ఉన్నారు. నిలబెట్టింది మందేనా, అదృష్టమా? తేల్చుకునే దారి ఒక్కటే. మాత్ర ఆపేశారు.

కణితులు తిరగబెట్టాయి. 2003 జనవరిలో సెహగల్ కన్నుమూశారు. మాత్ర ఆపడమంత తెలివితక్కువ పని జన్మలో చెయ్యలేదని కొడుకుతో అన్నారట. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం రుజువు కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. 2007లో రాపమైసిన్‌ని కాస్త మార్చి చేసిన టెంసిరోలిమస్‌కి ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌లో అనుమతి దొరికింది. ముసలితనం లెక్క మిగిలిపోయింది.

అది ఎలుకల వంతు. అమెరికాలో మెయిన్, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాలు. మూడు చోట్లా ఒకే పరీక్ష. బోన్లు సిద్ధం, ఎలుకలు సిద్ధం. మేతలో కలిపిన మందే నిలవట్లేదు. దానికి పొర తొడిగే పద్ధతి కుదిరేసరికి ఏడాది దాటింది. ఈలోగా ఎలుకలు ముసలివైపోయాయి. వయసు 600 రోజులు. మనిషి లెక్కలో అరవై ఏళ్లు. ఈ వయసులో మందు పెట్టి ఏం లాభం? అయినా పెట్టారు.

2009 జులైలో ‘నేచర్’ పత్రిక ఫలితం అచ్చేసింది. పదింట తొమ్మిది చచ్చిపోయే వయసుని గీటురాయిగా పెట్టుకుంటే, ఆడవాటిలో ఆయుష్షు 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. మూడు చోట్లా అదే వరస.

ఆ తర్వాత అమెరికాలో ఏ జబ్బూ లేనివాళ్లు కూడా కొందరు డాక్టర్లతో రాయించుకుని ఈ మాత్ర మింగుతున్నారు. నోట్లో పుళ్లు పడొచ్చు. కొలెస్ట్రాల్ పెరగొచ్చు. ఇన్ఫెక్షన్లు చుట్టుకోవచ్చు. దీంతో మనిషి ఆయుష్షు పెరిగిందని ఇంతవరకు ఏ పరీక్షా చూపలేదు. చూపాలంటే దశాబ్దాలు పడుతుంది. అందుకే అక్కడి పరిశోధకులు ఇప్పుడు పెంపుడు కుక్కలకి పెట్టి చూస్తున్నారు. వాటి ఆయుష్షు తక్కువ. జవాబు త్వరగా వస్తుంది.