లేత జొన్న, మోడు పిలకలతో పశువులకు నాము ముప్పు

పొద్దున మేతకు వెళ్లిన ఆవు జొన్న చేలో పడి గంటలోపే చనిపోతే, చాలామంది పాము కరిచిందనో, ఎవరో మందు పెట్టారనో అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం ఆ పైరులోనే ఉంటుంది. మన పెద్దలు దీన్నే ‘నాము’ అన్నారు. నాము సోకాక చికిత్సకు దొరికే సమయం చాలా తక్కువ. కాబట్టి రైతులు ముందుజాగ్రత్త మీదే ఎక్కువ దృష్టి పెట్టాలి.

విషం ఎలా తయారవుతుంది?

జొన్న మొక్కలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. డన్‌స్టన్, హెన్రీ అనే శాస్త్రవేత్తలు 1902లోనే లేత జొన్న నుంచి దీన్ని వేరుచేసి చూపారు. పశువు ఆకును నమిలినప్పుడు, అది మొదటి పొట్టకు చేరినప్పుడు ధురిన్ విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లం వెలువడుతుంది. ఇది రక్తంలో కలిశాక, రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీర కణాలు దాన్ని వాడుకోలేవు. అందుకే పశువు ఊపిరాడక గిలగిలలాడుతుంది.

పచ్చిమేత కిలోకు 200 మిల్లీగ్రాములకు మించి ఈ విషం ఉంటే ప్రమాదకరం. పశువు బరువులో కిలోకు సుమారు 2 మిల్లీగ్రాముల విషం ఒక్కసారిగా చేరితే ప్రాణం పోవచ్చు. అంటే 300 కిలోల ఆవుకు అలాంటి మేత 3 కిలోలు చాలు. ఆకలితో ఉన్న ఆవు కొద్ది నిమిషాల్లోనే అంత తినేస్తుంది.

ఏ పైరులో ఎక్కువ?

• పూతకు రాని లేత జొన్నలో. కాండం కంటే ఆకుల్లో ఎక్కువ.
• వానలు లేక వాడి, గిడసబారిన పైరులో.
• బెట్ట తర్వాత వాన పడగానే వేసే కొత్త చిగుళ్లలో.
• కంకులు కోశాక మోడుల నుంచి వచ్చే పిలకల్లో.
• యూరియా ఎక్కువ వేసిన పైరులో.

సూడాన్ గడ్డి, పలుకోతల పశుగ్రాస జొన్న కూడా ఇదే జాతి కాబట్టి వాటితోనూ జాగ్రత్త అవసరం. కర్రపెండలం ఆకుల్లోనూ ఈ విషం ఉంటుంది. సజ్జ మేతతో ఈ భయం లేదు.

లక్షణాలు

మేసిన 10–15 నిమిషాల నుంచి గంటలోపు లక్షణాలు కనిపిస్తాయి. పశువు ఆందోళనగా ఉంటుంది. నోటి వెంట చొంగ, నురుగు కారుతాయి. నోరు తెరిచి వేగంగా రొప్పుతుంది. కండరాలు వణుకుతాయి, నడక తూలుతుంది, కడుపు ఉబ్బుతుంది. కంటి పొరలు, చిగుళ్లు మొదట్లో బాగా ఎర్రగా కనిపిస్తాయి. తర్వాత కిందపడి కాళ్లు కొట్టుకుంటూ చనిపోతుంది.

వెంటనే ఏం చేయాలి?

1. మందనంతా చేలోంచి బయటకు తోలండి. ఒక పశువు పడిపోయిందంటే మిగిలినవీ అదే మేత తిని ఉంటాయి.
2. పశువైద్యునికి ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.
3. పైరు వయసు, ఎప్పుడు మేసింది, యూరియా ఎంత వేశారు అనేవి వైద్యునికి చెప్పండి. యూరియా ఎక్కువైన మేతతో నైట్రేట్ విషం కూడా కలగవచ్చు. అందులో రక్తం చాక్లెట్ రంగులోకి మారుతుంది. నాముకు నరంలోకి ఇచ్చే సోడియం నైట్రైట్ ఇంజెక్షన్ నైట్రేట్ విషంలో హాని చేస్తుంది. అందుకే ఈ వివరాలు ముఖ్యం.
4. కడుపులో మిగిలిన విషాన్ని విరిచేందుకు సోడియం థయోసల్ఫేట్ (హైపో) తాగించమని వైద్యుడు చెబితే, చెప్పిన మోతాదులోనే ఇవ్వండి. కిందపడిన పశువుకు మీరుగా ఏదీ తాగించవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
5. చనిపోయిన పశువును వైద్యుడు చూడకముందే కోయవద్దు. దొమ్మ రోగంతోనూ పశువు హఠాత్తుగా చనిపోతుంది. అది మనుషులకూ సోకుతుంది.

ముందుజాగ్రత్తలు

• పచ్చిజొన్నను సగం పైరు పూతకు వచ్చాకే కోసి మేపండి.
• బెట్టకు వచ్చిన పైరుకు వీలైతే తడి ఇవ్వండి. తడి ఇచ్చినా, వాన పడినా పచ్చబడగానే మేపకండి. తేరుకొని పూతకు వచ్చేదాకా ఆగండి.
• పశువులను ఖాళీ కడుపుతో జొన్న చేల వైపు తోలవద్దు. ముందు ఎండుగడ్డి వేయండి.
• పచ్చిజొన్నను ఎండుమేతతో గానీ, పప్పుజాతి మేతతో గానీ కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయండి.
• కోసి ఒక పూట వాడిన మేత సురక్షితమని అనుకోవద్దు. పూర్తిగా ఎండిన చొప్పలో, బాగా మాగిన సైలేజీలో విషం బాగా తగ్గుతుంది.
• కోత అయ్యాక మోడులను దున్నేయండి. వెంటనే దున్నలేకపోతే, వేసవి జల్లులకు పిలకలు వేసినప్పుడు కాపరికి ఆ చేను చూపించి హెచ్చరించండి. పక్క రైతులకూ చెప్పండి.

అనుమానం ఉన్న మేతను మందకు వేయకముందే నమూనాను పశువైద్యునికి చూపించండి. పిక్రేట్ కాగితం పరీక్షలో పసుపు రంగు కాగితం ఇటుక ఎరుపుకు మారితే ఆ మేతలో విషం ఉన్నట్టే. అలాంటి మేతను పచ్చిగా వేయకండి. పూర్తిగా ఎండబెట్టి, వైద్యుని సలహాతోనే వాడండి.