ఆట – కులం (6): టాలెంటా? హార్డ్‌వర్కా?

పుప్పాలగూడలో మేముండే అపార్ట్‌మెంట్‌ పై ఫ్లోర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడుంటాడు. ఏటా ఫిబ్రవరిలో ఒక సోమవారం తెల్లవారుజామునే లేచి సూపర్ బౌల్ చూస్తాడు. అమెరికా మేనేజర్లతో మాట కలపాలంటే ఆ ఆట తెలియాలట. మొన్న లిఫ్ట్ దగ్గర నన్ను ఆపాడు. "అన్నా, టామ్ బ్రేడీ కథ మీ స్టూడెంట్స్‌కి చెప్పండి. 2000 డ్రాఫ్ట్‌లో 199వ వాడిగా తీసుకున్నారు. ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. అంతా హార్డ్‌వర్కే. మన దగ్గరేమో ఈ రిజర్వేషన్లూ అవీ..." అని ఆగిపోయాడు. నేనెవరో గుర్తొచ్చినట్టుంది.

మిత్రులారా, ఆ సగం వాక్యం కోసమే ఈ భాగం.

అదే ఆటలో ఇంకో కథ ఉంది. 1934 నుంచి 1945 దాకా ఎన్.ఎఫ్.ఎల్.లో ఒక్క నల్లవాడిని కూడా ఆడనివ్వలేదు. తర్వాత తలుపు తెరిచారు గానీ క్వార్టర్‌బ్యాక్ స్థానాన్ని మాత్రం దాచుకున్నారు. జట్టును నడిపించేది, బంతి ఎటు పోవాలో క్షణంలో తేల్చేది అతనే. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన నల్ల కుర్రాళ్లను ప్రొఫెషనల్ జట్లు పరుగెత్తే స్థానాలకు మార్చేసేవి. వాళ్లకు కాళ్లలో వేగం పుట్టుకతో వచ్చిందట, బుర్ర మాత్రం చాలదట. 1988 జనవరిలో డగ్ విలియమ్స్ ఒక్క రెండో క్వార్టర్‌లోనే నాలుగు టచ్‌డౌన్ పాసులు విసిరి సూపర్ బౌల్ గెలిచేదాకా ఆ స్థానంలో మొదలుపెట్టి గెలిచిన నల్లవాడు లేడు. అక్కడ 'టాలెంట్' అనే మెప్పులోనే తిట్టు దాగి ఉంది.

మన దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. నేను క్లాసులో అలంకారశాస్త్రం చెబుతాను. కవిత్వానికి ప్రతిభ, చదువు, ఎడతెగని సాధన కారణాలంటాడు దండి. ప్రతిభను పూర్వవాసనకు ముడిపెడతాడు. అంటే పోయిన జన్మ నుంచి వచ్చిన ఆస్తి. కులానికి చెప్పే కారణమూ ఇదే కదా! అయితే దండి కొంత నయం. ప్రతిభ లేకపోయినా చదివి, శ్రమిస్తే వాగ్దేవి ఎంతో కొంత కరుణిస్తుందన్నాడు. ఆ చదువు ఎవరికి దొరికిందన్నది మనం అడగాల్సిన ప్రశ్న. శ్రమ సంగతి సరే. శ్రమకే పతకాలిస్తే వెలివాడల్లో గోడలు చాలేవి కావు. మన శ్రమకు హార్డ్‌వర్క్ అని పేరు పెట్టలేదు, కూలి అన్నారు.

పల్వంకర్ బాలూను చూడండి. చమార్ కులస్తుడు. పుణెలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేసే నౌకరీ. ఇంగ్లీషు దొరలకు నెట్స్‌లో గంటల తరబడి బంతులు వేశాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా పుణెలో హిందూ జట్టుకు ఆడుతూ టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి ముంతలో తాగాడు. కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు, 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. (1937 ఎన్నికల్లో ఇదే బాలూ కాంగ్రెస్ తరఫున అంబేడ్కర్ మీదే నిలబడి ఓడిపోయాడు. ఆ బాధ గురించి మరో భాగంలో.)

ఇప్పుడు మా పక్క ఊరికి వద్దాం. అగసర నందిని నార్సింగి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. తండ్రి టీ అమ్మేవాడు. ఆమె ఆట హెప్టాథ్లాన్. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, చివర్లో కాళ్లు పీక్కుపోతుండగా 800 మీటర్లు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, 2023లో, 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానానికి 5708. నాలుగు పాయింట్లంటే 800 మీటర్లలో మూడో వంతు సెకను కూడా కాదు. 2025లో గుమీ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 5941తో ఏకంగా స్వర్ణం.

ఆ మూడో వంతు సెకను టాలెంట్‌దా, హార్డ్‌వర్క్‌దా? నన్నడిగితే గురుకులంలో వేళకు పెట్టిన గుడ్డుదీ, గ్రౌండుదీ, ఇంటి చాకిరీ లేని సాయంత్రానిదీ కూడా. ఎస్.ఆర్.శంకరన్ లాంటి అధికారులు పట్టుబట్టి నిలబెట్టిన బడులివి. ఇదే గురుకులాల వ్యవస్థ నుంచి 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. మొదట వాళ్లు తాడు పట్టింది భువనగిరి గుట్ట మీద. అంతకుముందు అలాంటి పిల్లల్లో ప్రతిభ లేకనా? వాళ్ల చేతికి తాడిచ్చినవాడు లేడు.

బ్రేడీ శ్రమను నేను తక్కువ చేయను. కానీ 199వ వాడికీ ఒక బెంచీ, ఒక కోచ్, ఒక జీతం దొరికాయి. అసలు ఆ జాబితా ఉందనే తెలియనివాడి సంగతేమిటి?

నిన్న మళ్లీ లిఫ్ట్ దగ్గర కలిస్తే ఆ కుర్రాడికి నందిని గురించి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "నార్సింగిలోనా? రోజూ అటే వెళ్తాను కదన్నా, ఓఆర్ఆర్ ఎక్కడానికి. అక్కడ గురుకులం ఉందా?" అన్నాడు.

(తరువాయి వచ్చే ఆదివారం)

జై భీమ్.