సైనికుని బట్టకు ఒకే రంగు

యుద్ధరంగంలో శత్రువు కంటబడకుండుట ఎంత అవసరమో, స్వజనులు తనను పోల్చుకొనుట కూడ అంతే అవసరం. ఈ రెండు అవసరాలకూ పొత్తు కుదురుట కష్టం. ఆకుల నీడలవలె మచ్చలు అచ్చువేసిన గుడ్డ అందుబాటులో ఉన్నా కొన్ని సైన్యాలు ఒకే రంగు బట్టను ఎన్నుకొన్నవి. దీనికి పొదుపు ఒక్కటే కారణమనుకొంటే చరిత్రలో సగమే చూచినట్లగును.

ఒకే రంగు బట్ట కూడ మరుగు కోసం పుట్టినదే. తుపాకిమందు పొగ దట్టంగా క్రమ్ముకొనే రోజులలో ఎర్రకోటు వల్ల మేలే జరిగేది. సేనాని తనవారిని ఆ పొగలో గుర్తించగలిగేవాడు. 1846లో హ్యారీ లమ్స్‌డెన్ అనే ఆంగ్లాధికారి పెషావరులో 'గైడ్స్' దళాన్ని కూర్చినాడు. సరిహద్దు కొండల దుమ్ములో కలిసిపోయే మట్టిరంగు బట్ట ఆ దళానికి ఉడుపైనది. పారశీకంలో 'ఖాక్' అంటే ధూళి. ఆ మాట నుండి పుట్టిన 'ఖాకీ' హిందుస్తానీలో స్థిరపడి, తెలుగుకూ ఇంగ్లీషుకూ కూడ సొంతమైనది. 1880లలో పొగలేని తుపాకిమందు రాగానే ఎర్రకోటుకు ఉన్న ఒక్క ప్రయోజనమూ పోయినది. 1902 నాటికి బ్రిటిష్ సైన్యం స్వదేశంలో సైతం ఖాకీని సర్వీసు దుస్తులుగా స్వీకరించినది.

ఫ్రాన్సు మాత్రం ఎర్ర పంట్లామును వదలలేదు. అది జాతి గౌరవానికి చిహ్నమని వాదించినవారు అక్కడ తక్కువమంది కారు. 1914 ఆగస్టులో ఆ ఎర్ర పంట్లాములతోనే ఫ్రెంచి సిపాయిలు మరతుపాకులకు ఎదురేగినారు. 1915లో వారికి లేత నీలిబట్ట వచ్చినది. అదీ ఒకే రంగు బట్టయే.

మచ్చల గుడ్డ ఆ తరువాతి కథ. ఇటలీ 1929లో గుడారాల కోసం అట్టి గుడ్డను అచ్చువేయించినది. 1930లలో జర్మనీ ఆ విద్యను ఇంకా ముందుకు తీసుకొనిపోయినది. రెండవ ప్రపంచయుద్ధంలో నాజీల 'వాఫెన్ ఎస్.ఎస్.' దళాలకు మచ్చల చొక్కా గుర్తుగా మారినది. దాని ఫలితం 1944లో నార్మండీలో కనబడినది. అమెరికా రెండవ ఆర్మర్డ్ డివిజనులో కొందరికి మచ్చల దుస్తులు ఇచ్చినారు. తోటి అమెరికన్లు వారిని జర్మనులుగా భ్రమించి కాల్పులు జరిపినారు. శత్రువు నుండి దాచవలసిన బట్ట స్వపక్షపు తూటాకే గురి అయినది. ఆ దుస్తులను త్వరలోనే ఉపసంహరించినారు.

ఈ గుర్తింపు సమస్య యుద్ధరంగంతో ఆగలేదు. అల్జీరియా యుద్ధంలో ఫ్రెంచి పారాచ్యూట్ దళాలకు మచ్చల బట్ట గర్వచిహ్నమైనది. 1961 ఏప్రిల్‌లో నలుగురు విశ్రాంత సేనాపతులు అల్జీర్సులో ప్రభుత్వంపై తిరుగబడినప్పుడు ముందు నడచినది విదేశీ పారాచ్యూట్ మొదటి రెజిమెంటు. ఆ దళాలు పారిసుపై దిగవచ్చునన్న భయంతో ప్రధానమంత్రి మిషెల్ దెబ్రే, విమానాశ్రయాలకు వెళ్ళి సైనికులకు నచ్చజెప్పవలసినదని పౌరులను అర్థించినాడు. తిరుగుబాటు నాలుగు రోజులలో చల్లారినది. ఆ రెజిమెంటును రద్దు చేసినారు. మచ్చల బట్ట మీద కూడ ఆ నీడ పడినది. 1960ల ఆరంభంలో అది సాధారణ వాడుక నుండి తొలగి, ఒకే ఆలివురంగు ఫ్రెంచి సైన్యమంతటికీ వచ్చినది. ఒక దళాన్ని మిగిలినవారికంటె వేరుగా, ఎక్కువగా చూపే బట్ట ప్రజాప్రభుత్వానికి ఇబ్బంది కలిగించునని ఫ్రాన్సు తెలుసుకొన్నది.

1955లో ఏర్పడిన పశ్చిమ జర్మనీ సైన్యం కూడ తొలినాళ్ళలో మచ్చల గుడ్డను కొంత వాడి, పిదప విడిచిపెట్టి, దశాబ్దాలపాటు ఆలివురంగుతోనే గడిపినది. ఆ మచ్చలను చూచినంతనే యూరపు ప్రజలకు ఏ దళాలు జ్ఞాపకం వచ్చేవో వేరుగా చెప్పనక్కరలేదు.

వీటికి తోడు నిత్యవ్యవహారపు కారణాలు కలవు. ఒకే రంగు గుడ్డను అద్దకపు తొట్టిలో ముంచి తీయవచ్చును. మచ్చల గుడ్డకు రంగురంగుకూ వేరు అచ్చు కావలెను. అడవికి పనికివచ్చే మచ్చ ఎడారిలో పనికిరాదు. చాల దూరం నుండి చూస్తే చిన్న మచ్చలన్నీ కలిసి ఒకే రంగుగా కనబడును. మట్టిరంగో ఆలివురంగో ఎక్కడా అత్యుత్తమం కాకపోయినా, చాలచోట్ల చాలినంత పనిచేయును. ఇజ్రాయెల్ పదాతిదళం నేటికీ ముఖ్యంగా సాదా ఆలివురంగునే ధరించుచున్నది.

కాలం మళ్ళీ మారినది. 1990లలో ఫ్రాన్సు, జర్మనీ రెండూ మచ్చల బట్టకు తిరిగి వచ్చినవి. భారత సైన్యం 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు, కొత్త మచ్చల యుద్ధ దుస్తులను ప్రదర్శించినది. మచ్చల గుడ్డ మంచిదా, సాదా గుడ్డ మంచిదా అను ప్రశ్నకు శాశ్వతమైన జవాబు లేదు. అయినను సిపాయికి బట్ట కుట్టించే ప్రతి ప్రభుత్వమూ శత్రువు చూపుతో పాటు తన పౌరుని చూపును కూడ లెక్కలోనికి తీసుకొనవలసియున్నది. ఈ సిపాయి తమవాడేనని ఆ పౌరుడు నమ్మకంతో చెప్పగలుగవలెను.