కారు రంగుపై నీటి మరకలు: కారణాలు, తొలగించే విధానం

కడిగిన కారు ఎండలో ఆరిన తరువాత బానెట్‌పైన, పైకప్పుపైన, అద్దాలపైన తెల్లని వలయాల్లా మిగిలే మచ్చలను నీటి మరకలు అంటారు. ఇవి మురికి కావు. నీరు ఆవిరైపోగా మిగిలిన లవణాలు. తొలి దశలో వీటిని ఇంట్లోనే సులభంగా తొలగించవచ్చు. ఉపేక్షిస్తే మాత్రం రంగు పైపూత దెబ్బతిని, మరమ్మతు కష్టమవుతుంది.

మరక ఏర్పడే తీరు

భూగర్భ జలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. ఇవి అధికంగా ఉన్న నీటిని కఠిన జలం అంటారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి కాఠిన్యానికి ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేనిచోట 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలోని అనేక ప్రాంతాల్లో బోరునీరు కఠినమైనదే.

నీటి బొట్టు ఆరేటప్పుడు అందులోని కాల్షియం బైకార్బనేట్, కాల్షియం కార్బనేట్‌గా మారి మిగిలిపోతుంది. గీజర్ లోపల పేరుకొనే తెల్లని పెచ్చులోనూ ప్రధానంగా ఉండేది ఇదే. బొట్టు అంచుల వద్ద లవణం ఎక్కువగా చేరడం వల్ల మచ్చ వలయంలా కనిపిస్తుంది.

నీటి పొదుపు కోసం చాలా ఇళ్లలో ఆర్‌ఓ యంత్రం నుంచి వెలువడే వృథా నీటితో కారు కడుగుతారు. యంత్రంలోకి వెళ్లిన నీటికన్నా ఈ నీటిలో లవణాలు ఎక్కువ. కనుక దీనిని తొలి కడుగుకే పరిమితం చేసి, చివరి కడుగుకు మంచి నీటిని వాడటం మేలు.

మరకల్లో రెండు రకాలు

మొదటి రకం మరక రంగుపై పొరలా అంటుకొని ఉంటుంది. వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. రెండో రకం మరక ఒక గుంట. లవణాలు, వాననీటితో వచ్చే కాలుష్య ఆమ్లాలు ఎండ వేడికి గాఢమై క్లియర్ కోట్ అనే పారదర్శక పూతను తినివేయడం వల్ల ఇది ఏర్పడుతుంది. ఈ పూత మందం సాధారణంగా 50 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో 20వ వంతుకు అటూ ఇటుగా ఉంటుంది. అడుగున ఉన్న రంగును ఎండ నుంచి కాపాడేది ఇదే. అరిగిన పూత తిరిగి రాదు. అందుకే మృదువైన పద్ధతితో మొదలుపెట్టి, అవసరమైతేనే తరువాతి దశకు వెళ్లాలి.

తొలగించే క్రమం

1. కారును నీడలో నిలిపి, పైభాగం చల్లబడిన తరువాత కార్ షాంపూతో కడగాలి. తాజా మరకలు ఈ దశలోనే పోవచ్చు.

2. తెల్ల వెనిగర్‌ను, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌ను సమపాళ్లలో కలిపి, మైక్రోఫైబర్ గుడ్డను అందులో తడిపి మరకపై సుమారు ఒక నిమిషం ఉంచాలి. ఆరనీయకుండా తుడిచి, ధారాళంగా నీరు పోయాలి. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం కాల్షియం కార్బనేట్‌ను కరిగిస్తుంది.

3. గరుకుదనం ఇంకా మిగిలితే, తడి ఉపరితలంపై క్లే బార్‌ను ఒత్తిడి లేకుండా నడపాలి.

4. ఉపరితలం నునుపుగా ఉన్నా వలయం కనిపిస్తూనే ఉంటే అది గుంట. దానికి పాలిషింగ్ ఒక్కటే మార్గం. పాలిష్ చేసిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత తగ్గుతుంది కనుక, పూత మందాన్ని కొలిచే పరికరం ఉన్న నిపుణులకు అప్పగించడం క్షేమం. మ్యాట్ రంగు ఉన్న కార్లకు పాలిష్ చేయరాదు.

5. వెనిగర్, పాలిష్ పాత మైనాన్ని కూడా తీసివేస్తాయి. కాబట్టి చివర్లో మళ్లీ కార్ వ్యాక్స్ పట్టించాలి.

చేయకూడనివి

ఇత్తడి పాత్రలను తోమినట్లు చింతపండు గుజ్జుతో రుద్దితే రంగుపై గీతలు పడతాయి. టూత్‌పేస్ట్‌లోనూ అరగదీసే రేణువులు ఉంటాయి. స్నానాల గది శుభ్రతకు వాడే యాసిడ్‌ను కారు దరికి చేర్చరాదు.

నివారణ

ఉదయం వేళ, నీడలో, ఒక్కో భాగాన్ని కడిగి వెంటనే తుడవడమే ఉత్తమ నివారణ. సిరామిక్ పూత వేయించినా ఈ జాగ్రత్త తప్పదు. ఆ పూతపై నిలిచిన బొట్లు కూడా ఎండలో ఆరితే మరకలను మిగుల్చుతాయి.