హోటల్ వైఫై ఒకటి, పరికరాలు నాలుగు: పంచుకునే మార్గాలు, పాటించవలసిన హద్దులు

నలుగురు సభ్యుల కుటుంబం హోటల్ గదిలో దిగిందంటే రెండు మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, పిల్లల ట్యాబ్ ఒకేసారి ఇంటర్నెట్ కోసం ఎదురుచూస్తుంటాయి. కొన్ని హోటళ్లు మాత్రం వైఫై రుసుమును గదిని బట్టి కాక పరికరాన్ని బట్టి వసూలు చేస్తాయి. మరికొన్ని గదికి ఒకటి రెండు పరికరాలకే అనుమతిస్తాయి. మొబైల్ డేటా చౌకగా దొరికే భారత్‌లో ఈ ఇబ్బంది స్వల్పమే. విదేశీ ప్రయాణంలో రోమింగ్ ఖర్చు భారమైనప్పుడు, సిగ్నల్ అందని కొండ ప్రాంతాల్లో బస చేసినప్పుడు హోటల్ వైఫైయే ఆధారం. డబ్బు చెల్లించిన ఒక్క కనెక్షన్‌ను కుటుంబమంతా వాడుకోవడం సాంకేతికంగా సులభమే. అయితే అది ఎలా పనిచేస్తుందో, బాధ్యత ఎవరిపై పడుతుందో ముందుగా తెలుసుకోవడం అవసరం.

హోటల్ వ్యవస్థ పరికరాన్ని ఎలా గుర్తిస్తుంది?

హోటల్ వైఫైకి కలవగానే ఒక లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. గది సంఖ్య, ఇంటిపేరు లేదా ఫోన్‌కు వచ్చే ఓటీపీ అందులో నమోదు చేయాలి. ఆ వివరాలు సరిపోతే హోటల్ గేట్‌వే ఆ పరికరానికి దారి తెరుస్తుంది. ఇక్కడ గేట్‌వే గుర్తుపెట్టుకునేది సాధారణంగా మనిషిని కాదు, పరికరపు మ్యాక్ చిరునామాను. ఇది 48 బిట్ల సంఖ్య. 12 షోడశాంశ అంకెలతో రాస్తారు. రెండో ఫోన్‌ను కలిపితే దాని చిరునామా వేరు కాబట్టి గేట్‌వే దాన్ని కొత్త పరికరంగా లెక్కించి మళ్లీ రుసుము అడుగుతుంది.

ఇందులో మరో చిక్కు ఉంది. వినియోగదారుల కదలికలను ఎవరూ వెంబడించకుండా, 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత మ్యాక్ చిరునామాను చూపుతున్నాయి. అంతస్తుకో పేరుతో వైఫై నడిపే హోటల్‌లో నెట్‌వర్క్ పేరు మారితే చిరునామా కూడా మారుతుంది. డబ్బు కట్టిన ఫోన్‌లోనే మళ్లీ లాగిన్ పేజీ కనిపించడానికి ఇది ఒక కారణం. బస పూర్తయ్యే వరకు ఒకే నెట్‌వర్క్ పేరును వాడటం, సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్‌ను తొలగించకుండా ఉండటం మేలు.

పంచుకోవడం వెనుక సూత్రం

ఇంట్లో ఒకే కనెక్షన్‌పై పది పరికరాలు నడవడానికి వీలు కల్పించే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. దాన్ని నెట్‌వర్క్ చిరునామా అనువాదం, సంక్షిప్తంగా న్యాట్ అంటారు. ఐపీ నాలుగో వెర్షన్‌లో ఉన్న చిరునామాలు సుమారు 430 కోట్లే. అవి చాలవన్న ఆందోళన నేపథ్యంలో 1994లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. మధ్యలో ఉన్న రూటర్ తన వెనుక ఉన్న పరికరాలకు 192.168తో మొదలయ్యే అంతర్గత చిరునామాలు ఇస్తుంది. బయటికి మాత్రం తన ఒక్క చిరునామానే చూపుతుంది. వచ్చిన సమాధానం ఏ పరికరానిదో పట్టికలో చూసి అందజేస్తుంది. హోటల్ గేట్‌వేకు మధ్యలో ఉన్న ఆ ఒక్క పరికరమే కనిపిస్తుంది.

అందుబాటులో ఉన్న మూడు మార్గాలు

మొదటిది ల్యాప్‌టాప్. విండోస్ 10, 11లలో ‘మొబైల్ హాట్‌స్పాట్’ సదుపాయం ఉంది. హోటల్ వైఫైలో లాగిన్ అయిన తరువాత దాన్ని ఆన్ చేస్తే గరిష్ఠంగా ఎనిమిది పరికరాలను కలపవచ్చు. మ్యాక్ కంప్యూటర్లు వైఫైలో అందుకున్న ఇంటర్నెట్‌ను అదే వైఫై ద్వారా తిరిగి పంచలేవు. గదిలో ఈథర్‌నెట్ కేబుల్ సాకెట్ ఉంటే, కేబుల్ ద్వారా అందుకుని వైఫైగా పంచవచ్చు. ల్యాప్‌టాప్ నిద్రావస్థలోకి వెళితే అందరి కనెక్షన్ ఆగిపోతుందన్నది ఈ మార్గంలోని లోపం.

రెండోది ఫోన్. అన్ని ఫోన్లకూ ఈ సామర్థ్యం లేదు. ఐఫోన్ హాట్‌స్పాట్ మొబైల్ డేటాను మాత్రమే పంచుతుంది, వైఫైని పంచదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై ఆన్‌లో ఉండగానే హాట్‌స్పాట్ పనిచేస్తుంది. హాట్‌స్పాట్ ఆన్ చేయగానే వైఫై ఆగిపోతే ఆ ఫోన్‌లో ఈ వీలు లేనట్టే. అప్పుడు ఖర్చయ్యేది మొబైల్ డేటా. రోమింగ్‌లో ఉన్నవారు దీన్ని గమనించకపోతే బిల్లు భారీగా రావచ్చు.

మూడోది ట్రావెల్ రూటర్. అరచేతిలో ఇమిడే ఈ పరికరాన్ని ముందుగా హోటల్ వైఫైకి కలపాలి. తరువాత ఫోన్‌ను రూటర్‌కు కలిపి, ఆ ఫోన్ బ్రౌజర్‌లో లాగిన్ పేజీ పూర్తి చేయాలి. గేట్‌వే రూటర్‌నే అతిథి పరికరంగా నమోదు చేసుకుంటుంది. బ్రౌజర్ లేని టీవీ స్టిక్‌లు సైతం దీని ద్వారా పనిచేస్తాయి.

లాగిన్ పేజీ తెరుచుకోకపోతే ముందుగా వీపీఎన్, ప్రైవేట్ డీఎన్ఎస్ ఆపి చూడాలి. ఎన్‌క్రిప్షన్ ఉన్న వెబ్‌సైట్ల నుంచి వినియోగదారుణ్ని దారి మళ్లించడం గేట్‌వేకు సాధ్యపడదు. అందువల్ల హెచ్‌టీటీపీతో మొదలయ్యే సాధారణ పేజీని తెరిస్తే లాగిన్ పేజీ రావచ్చు.

వేగం ఎంత తగ్గుతుంది?

పంచుకున్నంత మాత్రాన కనెక్షన్ పెరగదు. ఉన్న వేగాన్నే అందరూ పంచుకుంటారు. పైగా ఒకే రేడియోతో అందుకుని, అదే రేడియోతో తిరిగి పంపితే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియోలు రెండూ ఉన్న రూటర్‌లో ఒకదానితో అందుకుని మరొకదానితో పంచడం మెరుగు. కేబుల్ ఉంటే అది అన్నిటికన్నా ఉత్తమం. ఫొటోల బ్యాకప్, యాప్‌ల ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి ఉంచితే వీడియో కాల్‌కో, ఆన్‌లైన్ పరీక్షకో తగినంత వేగం మిగులుతుంది.

భద్రత, బాధ్యత

సొంత హాట్‌స్పాట్‌కు డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణతో బలమైన పాస్‌వర్డ్ పెట్టాలి. రూటర్‌తో పాటు వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మార్చాలి. రూటర్ వెనుక ఉన్న పరికరాలు ఇతర అతిథులకు నేరుగా కనిపించవు. ఇది అదనపు ప్రయోజనం. అయినా రూటర్‌కు, హోటల్‌కు మధ్య ఉన్న మార్గం పాస్‌వర్డ్ లేని వైఫై కావచ్చు. లాగిన్ తరువాత వీపీఎన్‌ను తిరిగి ఆన్ చేయడం మంచిది.

భారత్‌లో బహిరంగ ప్రదేశాల్లో వైఫై వాడేవారి గుర్తింపును నమోదు చేయాలని టెలికమ్యూనికేషన్ల శాఖ 2009 ఫిబ్రవరిలో ఆదేశించింది. హోటళ్లలో ఓటీపీ, గుర్తింపు పత్రం అడగడం వెనుక ఉన్న కారణమిదే. ఒకరి పేరిట తీసుకున్న కనెక్షన్‌లో నలుగురు చేసిన పనులన్నీ రికార్డుల్లో ఆ ఒక్కరి పేరు మీదే నిలుస్తాయి. కుటుంబ సభ్యులతో పంచుకోవచ్చు గానీ, లాబీలో పరిచయమైన వారికి పాస్‌వర్డ్ ఇవ్వడం ప్రమాదకరం.

రుసుము తప్పించుకోవడానికి మరో అతిథి పరికరపు మ్యాక్ చిరునామాను అనుకరించడం పంచుకోవడం కిందికి రాదు. కంప్యూటర్ వ్యవస్థను తారుమారు చేసి, తాను పొందిన సేవ ఖర్చును వేరొకరి ఖాతాలో పడేలా చేయడాన్ని సమాచార సాంకేతిక చట్టం–2000లోని సెక్షన్ 43 నిషేధిస్తోంది. అది దురుద్దేశంతో జరిగితే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

హోటళ్లకూ హద్దులున్నాయి

అమెరికాలోని నాష్‌విల్‌లో మారియట్ నిర్వహించే ఒక హోటల్, సదస్సులకు వచ్చినవారి సొంత మొబైల్ హాట్‌స్పాట్లను సాంకేతికంగా అడ్డుకుంది. ఆ సదస్సుల్లో హోటల్ వైఫైకి ఒక్కో పరికరానికి 250 నుంచి 1,000 డాలర్ల వరకు వసూలు చేసేవారు. అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దర్యాప్తు చేపట్టగా, 2014 అక్టోబరులో 6 లక్షల డాలర్లు చెల్లించేందుకు మారియట్ అంగీకరించింది. ఇతరుల హాట్‌స్పాట్లను అడ్డుకోవడం చట్టవిరుద్ధమని కమిషన్ 2015 జనవరిలో హెచ్చరిక జారీ చేసింది.

ఆ కేసు అతిథుల సొంత మొబైల్ డేటాకు సంబంధించినది. హోటల్ ఇచ్చిన కనెక్షన్‌ను తిరిగి పంచుకోవడం వేరు. అది హోటల్ నిబంధనలకు లోబడి ఉంటుంది. అంగీకార పత్రంలో ‘ఒక పరికరానికి మాత్రమే’ అని రాసి ఉంటే, పంచుకోవడం ఆ ఒప్పందాన్ని మీరడమే అవుతుంది. దాన్ని గుర్తించే మార్గాలూ హోటల్‌కు ఉన్నాయి. ప్రతి డేటా ప్యాకెట్‌పై ఉండే ఆయుఃపరిమితి సంఖ్య రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. 64 ఉండవలసిన చోట 63 కనిపిస్తే మధ్యలో మరో పరికరం ఉందని గేట్‌వే ఊహించగలదు.

అందుకే గది తాళం తీసుకునేటప్పుడే రిసెప్షన్‌లో రుసుము గదికా, పరికరానికా అని అడగాలి. కుటుంబానికి ఎన్ని పరికరాలు అవసరమో చెబితే అదనపు అనుమతి లభించే అవకాశం ఉంది.