బందరు రేవు – హకీముల నాడీ విద్య

గోల్కొండ సుల్తానుల కాలంలో ఇరాన్‌తో సముద్ర వ్యాపారానికి ముఖ్యమైన రేవు మచిలీపట్నం. వర్తకులతోపాటు విద్వాంసులు, హకీములు పలువురు ఈ దారినే గోల్కొండ రాజ్యంలో ప్రవేశించారు. ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా 1595లో హైదరాబాదులో దారుష్షిఫా కట్టించాడు. యునానీ వైద్యుల చదువుకు మూలగ్రంథం ఇబ్నె సీనా (980–1037) వ్రాసిన ‘అల్ ఖానూన్’. అందులో నబ్జ్, అనగా నాడిని గురించిన భాగం నేటికీ చదవదగినది.

నాడి లయ తప్పినప్పుడు ఇబ్నె సీనా చూడమన్నది ఒకటే: ఆ తప్పటంలోనైనా ఒక క్రమం వున్నదా, లేదా? కొట్టుకోవలసిన చోట ఆగే నాడి ‘జుల్ ఫత్రా’. ఆగవలసిన చోట అదనంగా కొట్టుకునేది ‘వాఖి ఫిల్ వసత్’. లేడి గెంతువలె మొదటి దెబ్బ ముగియకముందే రెండవది తగిలేది ‘గజాలీ’. జాలీనూస్ (గాలెన్) నుంచి వచ్చిన విద్యే ఇది. దానిని తీర్చి అమర్చినవాడు ఇబ్నె సీనా. ఏ క్రమమూ లేని నాడి చేతికి తగిలితే నేటి డాక్టరు మొదట అనుమానించేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌నే.

అంతమాత్రాన అన్నీ మన గ్రంథాలలోనే వున్నాయనటం చరిత్ర కాదు. ధమనులలోని ‘రూహ్’ కోసమే నాడి ఆడుతుందని ఆయన నమ్మాడు. గుండెను నడిపే విద్యుత్తు సంగతి ఆనాడు ఎవరికీ తెలియదు. గుండె మందులపై ఆయన వేరే గ్రంథమే వ్రాశాడు. అందులో మనసుకు ఉల్లాసమిచ్చే సుగంధ ద్రవ్యాలకు పెద్దపీట. డిజిటాలిస్ ఆకు గుణాన్ని విదరింగ్ 1785లో వెల్లడించాడు. ఐంథోవెన్ ఇ.సి.జి. యంత్రం 20వ శతాబ్ది ఆరంభంలో వచ్చింది. మందగించిన గుండెకు పేస్‌మేకర్‌ను శరీరంలో తొలిసారి అమర్చింది 1958లో, స్వీడన్‌లో.

గుడివాడలోనైనా, దివిసీమ పల్లెలోనైనా వృద్ధులు గుండె దడ అంటే ఇంటివారు నీరసమని సరిపెట్టవచ్చు. ప్రమాదమంతా అక్కడే. క్రమం లేని గుండెలో నెత్తురు గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. చిన్ననాటి కీళ్ళవాత జ్వరం కవాటాలను దెబ్బతీసినవారికి ఈ భయం మరీ ఎక్కువ. గడ్డకట్టకుండా మందులున్నాయి, అవి డాక్టరు నిర్ణయించి ఇవ్వవలసినవి. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది.

ఇ.సి.జి. తీసే వేళకు దడ తగ్గిపోతే కాగితంపై ఏమీ కనిపించకపోవచ్చు. కాబట్టి దడ వచ్చినప్పుడే బొటనవ్రేలి మొదట, మణికట్టుపై మూడు వ్రేళ్ళుంచి నిండు నిమిషం లెక్కించి, క్రమం వున్నదో లేదో వ్రాసి డాక్టరుకు చూపాలి. దడతోపాటు స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా లెక్క పెడుతూ కూర్చోరాదు. వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.