దూరం, ప్రయాణకాలం: దిగువ కృష్ణా డెల్టా అనుభవం

హైదరాబాదు నుంచి లండన్‌కు ఆకాశమార్గంలో దూరం సుమారు 7,700 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి దాదాపు 10 గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణానికి సాధారణంగా అంతకంటే తక్కువ సమయం చాలు. పైన వీచే పడమటి గాలులు వచ్చేటప్పుడు తోడవుతాయి, వెళ్లేటప్పుడు ఎదురవుతాయి. దూరం ఒకటే అయినా కాలం ఒకటి కాదు. చరిత్రను చదివేటప్పుడు ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఈ భాగంలో తెలుసుకుంటారు.

1. గాలి నిర్ణయించిన కాలం

17వ శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో ఇక్కడ వర్తకం ప్రారంభించారు. ఆంగ్లేయుల 'గ్లోబ్' ఓడ 1611 తొలి నెలల్లో స్వదేశం విడిచి, ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి, ఆగస్టులో కోరమండల్ తీరం చేరింది. ఋతుపవనాలను బట్టే ఓడలు బయలుదేరేవి. అదను తప్పితే తరువాతి ఋతువు వరకు ఆగవలసిందే. బందరులోని వర్తకుడు లండన్‌కు రాసిన లేఖకు జవాబు రావడానికి ఏడాదికి పైగా పట్టేది. కాబట్టి ఏ సరుకు ఎంతకు కొనాలో అతడు చాలావరకు తానే నిర్ణయించుకోవలసి వచ్చేది. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో ఐరోపాకు దారి బాగా తగ్గింది.

2. నది పెంచిన దూరం

20వ శతాబ్దం తొలినాళ్లలో గుడివాడ మీదుగా వేసిన రైలుమార్గం బందరును బెజవాడతో కలిపింది. కృష్ణ పాయల మధ్య ఉన్న దివిసీమకు మాత్రం ఆ సౌకర్యం అందలేదు. అవనిగడ్డకు, నది ఆవలి రేపల్లెకు మధ్య సూటిగా సుమారు 10 కిలోమీటర్లే. కానీ పులిగడ్డ-పెనుమూడి వంతెన రాకముందు పడవ దాటాలి, లేదా విజయవాడ చుట్టి 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి.

3. కాలమే ప్రాణమైనప్పుడు

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. వేలమంది మరణించారు. రోడ్లు తెగి, చెట్లు కూలడంతో అనేక గ్రామాలకు వెంటనే సహాయం చేరలేదు. పటంపై ఆ గ్రామాలు బందరుకు దగ్గరే. ఆనాడు బతికినవారికి మాత్రం ఆ దగ్గరితనం అక్కరకు రాలేదు.

దీన్నిబట్టి మీరు గ్రహించవలసింది ఇది: దూరాన్ని భూమి నిర్ణయిస్తుంది. ప్రయాణకాలాన్ని గాలి, నీరు, రోడ్డు, వంతెన, వాటిపై ప్రభుత్వం పెట్టే శ్రద్ధ నిర్ణయిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరి నుంచి సమీప ఆసుపత్రికి 50 ఏళ్ల కిందట ఎంత సమయం పట్టేదో పెద్దలను అడిగి తెలుసుకోండి. నేటి సమయంతో పోల్చి, ఆ మార్పుకు కారణాలను 10 వాక్యాలలో రాయండి.